పళ్ళు జివ్వుమంటున్నాయా? సెన్సిటివిటీ పేస్టును ఇలా వాడండి

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం బయటి నుంచి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, సీసా ఎత్తి గటగటా తాగేవాళ్ళని చూస్తే కొన్నాళ్ళు నాకు కుళ్ళుగా ఉండేది. నేను మాత్రం తల కుడివైపుకు వంచి, నీళ్ళు ఎడమ పళ్ళకు తగలకుండా గుక్కలో పావు గుక్క చొప్పున మింగేవాణ్ణి. పైవరసలో ఎడమ కోరపన్ను, దాని పక్క పన్ను. చల్లటి చుక్క తగిలితే చాలు, జివ్వుమని కణత దాకా లాగేది.

మందుల షాపులో అడిగితే సెన్సిటివిటీ పేస్టు ఇచ్చారు. పది రోజులు వాడాను. వాడానంటే, జివ్వుమన్నప్పుడల్లా వేలితో కాస్త రాసుకుని వెంటనే నోరు కడిగేసుకునేవాణ్ణి. మామూలుగా తోముకోవడానికి మాత్రం పాత పేస్టే. ఏమీ తగ్గలేదు. డబ్బు దండగ అనుకుని దాన్ని మూలన పడేశాను. తర్వాత ఈ సంగతి చెబితే పళ్ళ డాక్టరమ్మ నవ్వేశారు. "అదేమన్నా అమృతాంజనమా అండీ, నొప్పి వచ్చినప్పుడు రాసుకోవడానికి? రెండు పూటలా అన్నం తిన్నట్టు వాడాలి. నెల్లాళ్ళు వాడి అప్పుడు తిట్టండి" అన్నారు.

నాలాగే వాడి, నాలాగే తిట్టుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే నలుగురు తేలారు. అందుకే ఇది రాస్తున్నాను. పేస్టు లోపల ఏం చేస్తుందో తెలిస్తే, దాన్ని ఎలా వాడాలో ఎవరూ పక్కన నిలబడి చెప్పక్కర్లేదు.

1. ముందు అది సెన్సిటివిటీయేనా, చూసుకోండి

పంటి నొప్పులన్నీ ఒకటి కావు. ఈ పేస్టు పనిచేసేది ఒక్క రకానికే. ఆ రకాన్ని గుర్తుపట్టడం తేలిక. చల్లటి నీళ్ళు, ఐస్‌క్రీమ్, పులుపు, తీపి, ఒక్కోసారి నోరు తెరిచి పీల్చిన చలిగాలి, బ్రష్షు కుచ్చు తగలడం, వీటిలో ఏదో ఒకటి తగలగానే సూది గుచ్చినట్టు వస్తుంది. తగిలినది పోగానే కొన్ని సెకన్లలో అదీ పోతుంది. మీరు పలానా పన్ను అని వేలు పెట్టి చూపించగలరు, చాలాసార్లు రెండు మూడు పళ్ళు ఉంటాయి. పన్నూ చిగురూ కలిసే చోట గోటితో మెల్లగా గీస్తే ఉలిక్కిపడతారు.

ఇలా కాకుండా, నీళ్ళు ఉమ్మేశాక కూడా నొప్పి నిమిషాల తరబడి ఉంటోందా? వేడి కాఫీకి మొదలై పోట్లు పొడుస్తోందా? ఏమీ తగలకుండానే రాత్రి నిద్రలోంచి లేపుతోందా? అయితే లోపలి నరం వాచి ఉండొచ్చు. ఒకే ఒక్క పన్ను, అదీ జంతిక కొరికినప్పుడో, కొరికి వదిలినప్పుడో కలుక్కుమంటే పన్ను బీటవేసి ఉండొచ్చు. నల్లటి గుంట కనబడుతున్నా, చిగురు మీద చీముపొక్కు ఉన్నా, బుగ్గ వాచినా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాంటి పంటికి ఈ పేస్టు రాస్తూ కూర్చుంటే, చిన్న సిమెంటుతో పోయేది రూట్ కెనాల్ దాకా వెళుతుంది. నిజానికి డాక్టర్లు కూడా పుచ్చు, బీట, కదిలిన పాత సిమెంటు లాంటివన్నీ లేవని తేల్చుకున్నాకే సెన్సిటివిటీ అనే మాట అంటారు.

2. పంటి లోపల జరిగేది

పన్ను పైన కనబడే తెల్లటి పొర ఎనామిల్. మన ఒంట్లో అంత గట్టి పదార్థం ఇంకోటి లేదు. దానికి నరం లేదు కాబట్టి స్పర్శ కూడా లేదు. దాని కింద పసుపుపచ్చగా ఉండేది డెంటిన్. అసలు కథంతా అక్కడే. డెంటిన్‌లో పైనుంచి నరం ఉండే గుజ్జు దాకా సన్నటి గొట్టాలు బారులు తీరి ఉంటాయి. ఒక చదరపు మిల్లీమీటరులో, అంటే పెన్సిలు ముల్లు పెట్టినంత చోట, వేలల్లో ఉంటాయి. ఒక్కో గొట్టం వెడల్పు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ గొట్టాల నిండా ద్రవం ఉంటుంది, లోపలి చివర నరాల కొసలు తగులుతూ ఉంటాయి.

ఎనామిల్ కప్పి ఉన్నన్నాళ్ళూ ఆ ద్రవం కదలదు. పన్ను మెడ దగ్గర, అంటే చిగురును ఆనుకునే చోట, ఎనామిల్ బాగా పల్చగా ఉంటుంది. చిగురు కిందికో పైకో జారితే బయటపడే వేరు భాగానికి ఎనామిల్ అసలే లేదు. సిమెంటమ్ అనే పల్చటి పొర ఉంటుంది, నాలుగు రోజులు గట్టిగా రుద్దితే పోతుంది. పైగా పదింట ఒక పంటికి పుట్టుకతోనే ఎనామిల్, సిమెంటమ్ కలవకుండా మధ్యలో సందు ఉంటుంది. అక్కడ గొట్టాల మూతులు బయటికి తెరుచుకుంటాయి.

ఇప్పుడు చల్లనీళ్ళు తగిలాయనుకోండి. గొట్టంలో ద్రవం ఉన్నట్టుండి బయటికి కదులుతుంది. ఆ కదలిక లోపలి నరం కొసను లాగుతుంది. మీకు జివ్వుమంటుంది. నీళ్ళు నేరుగా నరాన్ని తాకడం లేదు. ద్రవం కదలికే నొప్పి అని స్వీడన్‌కి చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో ప్రయోగాలతో చూపించాడు. ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ అదే. వేడి కంటే చల్లదనానికే ఎక్కువమందికి ఎందుకు జివ్వుమంటుందో కూడా దీనితో తేలిపోతుంది. ద్రవం లోపలికి జరిగితే నరం అంతగా పట్టించుకోదు, బయటికి లాగితే ఊరుకోదు.

మరి తీపి? మాగాయ ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది చూశారా, ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది. చక్కెర పాకం కూడా తెరుచుకున్న గొట్టాల మీద అదే పని చేస్తుంది. జాంగ్రీ తిన్నప్పుడు జివ్వుమన్నదంటే పుచ్చే కానక్కర్లేదు, ఇదీ కావచ్చు.

1987లో వచ్చిన ఒక పరిశోధనలో జివ్వుమనే పళ్ళనూ మామూలు పళ్ళనూ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. జివ్వుమనే వాటిలో తెరుచుకున్న గొట్టాలు ఎనిమిది రెట్లు, ఒక్కోదాని వెడల్పు రెట్టింపు. గొట్టం వెడల్పు రెట్టింపయితే అందులో పారే ద్రవం రెట్టింపుతో ఆగదు, పదహారు రెట్లు దాకా పోతుంది. రంధ్రాలు కాస్త సన్నబడినా నొప్పి బాగా తగ్గేది ఇందుకే.

3. ట్యూబు ముందువైపు కాదు, వెనక చదవండి

ముందువైపు 'రాపిడ్', 'ప్రో', 'రిలీఫ్' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. వాటితో పని లేదు. వెనక చీమతలకాయంత అక్షరాల్లో మందు పేరు, శాతం ఉంటుంది. కళ్ళజోడు లేకపోతే ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.

మందులు చాలా ఉన్నా చేసే పని రెండు రకాలు. ఇంటి బయట ఎవరో బెల్లు నొక్కుతూనే ఉన్నారనుకోండి. లోపల బెల్లు స్విచ్ ఆపేయడం ఒక దారి. వీధి గేటుకు తాళం వేసేయడం రెండో దారి.

స్విచ్ ఆపేది పొటాషియం నైట్రేట్, సాధారణంగా 5 శాతం. అంటే ఏమనుకుంటున్నారు, మన సురేకారమే. టపాకాయల మందులో వేసేది. మిల్టన్ హోడోష్ అనే అమెరికా దంతవైద్యుడు దీని సంగతి 1974లో అచ్చువేశాడు. పొటాషియం గొట్టాల వెంట మెల్లగా లోపలికి దిగి నరం కొస చుట్టూ పోగవుతుంది. అలా పోగయితే నరం మళ్ళీ మళ్ళీ సంకేతం పంపలేదు. ఇక్కడ ఆయువుపట్టు 'పోగవడం'. ఒక్కసారి రాస్తే వచ్చిన పొటాషియం కాసేపటికి కొట్టుకుపోతుంది. రోజుకు రెండుసార్లు, వారాల తరబడి పడుతూ ఉంటేనే నరం చల్లబడుతుంది. నేను పది రోజుల్లో ఎందుకు ఓడిపోయానో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

గేటు మూసేవాళ్ళు చాలామంది. పాతకాపు స్ట్రాన్షియం క్లోరైడ్. అమెరికాలో 1961లో సెన్సోడైన్ మొదట బజారులోకి వచ్చింది దీనితోనే. స్ట్రాన్షియం గొట్టాల మూతుల దగ్గర పేరుకుని వాటిని పూడుస్తుంది. కానీ పుచ్చు రాకుండా పేస్టుల్లో కలిపే ఫ్లోరైడ్‌తో దీనికి పడదు, రెండూ కలిస్తే గడ్డకట్టి దేనికీ పనికిరావు. అందుకే చాలా పేస్టులు తర్వాత పొటాషియం వైపు తిరిగాయి. అన్నట్టు దీపావళి మతాబుల్లో ఎర్రరంగు వచ్చేది స్ట్రాన్షియం లవణాల వల్లే. సురేకారం, స్ట్రాన్షియం రెండూ టపాకాయల కొట్టు నుంచి నోట్లోకి వచ్చిన సరుకులేనన్నమాట. భయపడకండి, పేస్టులో పేలేదేమీ లేదు.

ఆర్జినిన్ 8 శాతం, దానితో కాల్షియం కార్బొనేట్ అని ఉంటే, అది మన లాలాజలం చేసే పనిని అనుకరిస్తుంది. కాల్షియంను గొట్టం మూతికి అతికించి బిరడా కడుతుంది. స్టానస్ ఫ్లోరైడ్ అంటే తగరపు లవణం, ఇదీ పూడుస్తుంది, పుచ్చునూ ఆపుతుంది. అయితే కొందరికి పళ్ళ మీద గోధుమరంగు మరకలు వస్తాయి. 'కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్' అన్న నోరు తిరగని పేరు కనబడితే అది గాజు. నిజంగా గాజే. అమెరికాలో ల్యారీ హెంచ్ అనే శాస్త్రవేత్త 1969లో ఎముకకు అతుక్కునే గాజును తయారుచేశాడు, వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన ఒక సైనికాధికారి బస్సులో పక్కన కూర్చుని, ఒంటికి పడే పదార్థం ఏదైనా చేయలేరా అని అడిగాడట. ఆ గాజును మెత్తగా పొడిచేసి పేస్టులో కలుపుతారు. తడి తగలగానే కాల్షియం, ఫాస్ఫేటు వదిలి గొట్టం మీద పంటిలాంటి పొర కడుతుంది. జపాన్‌లో హైడ్రాక్సీఅపటైట్ పేస్టులు 1980 నుంచి ఉన్నాయి, ఇప్పుడిప్పుడే ఇక్కడా దొరుకుతున్నాయి.

ఏది కొనాలి? నా మాట చెబుతాను. డాక్టరు ప్రత్యేకంగా ఏదీ రాయకపోతే ఫ్లోరైడ్‌తో పాటు 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నది తీసుకోండి. చవక, ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. దీని మీద జరిగిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఉత్త పేస్టు ఇచ్చినవాళ్ళకు కూడా నమ్మకం కొద్దీ ఎంతో కొంత తగ్గడం ఈ పరీక్షల్లో మామూలే. అయినా నెల రోజులు చూసుకోవడంలో పోయేది లేదు. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకుని గేటు మూసే రకానికి మారండి. రెండు మూడు రోజుల్లో పెళ్ళి ఉంది, ఐస్‌క్రీమ్ తినాలి అంటే మొదటే ఆర్జినిన్ రకం తీసుకుని వేలితో రాసుకోండి, ఎలాగో కింద చెబుతాను.

అమెరికా నుంచి చుట్టాలు ట్యూబు తెచ్చిస్తే దాని వెనకా చదవండి. ఒకే పేరున్న పేస్టులో దేశాన్ని బట్టి మందు మారిపోతుంది. బొగ్గు పేస్టు, పళ్ళు తెల్లబరిచే పేస్టు మాత్రం ఇంట్లో ఉన్నా ఈ నెలంతా దాచేయండి. వాటి గరుకుదనం మీరు పూడ్చినదాన్ని గీకేస్తుంది.

4. తోమే పద్ధతి మార్చండి

ఈ మెట్టు దగ్గరే చాలామంది జారిపోతారు. మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన తోముడు ఎలా ఉంటుంది? పొద్దున్నే ఒక్కసారి, గిన్నె అడుగు మాడు వదిలించినట్టు బరబరా రుద్ది, చెంబెడు నీళ్ళు పుక్కిలించి, వీధి చివరకి వినబడేలా నాలుక గీసుకుని లేవడం. ఈ పేస్టుతో అలా చేస్తే మందంతా సింకులోకి పోతుంది.

బ్రష్షు మెత్తది కొనండి, ప్యాకెట్ మీద 'సాఫ్ట్' అనో 'ఎక్స్‌ట్రా సాఫ్ట్' అనో ఉంటుంది. పాత బ్రష్షు కుచ్చు అటూ ఇటూ విచ్చుకుని అరిగిన చీపురులా ఉంటే మీరు ఎంత గట్టిగా రుద్దుతున్నారో అదే సాక్ష్యం. పిడికిలితో పట్టుకోవద్దు, పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి. అలా పట్టుకుంటే గట్టిగా నొక్కాలన్నా బలం రాదు. కుచ్చును పన్నూ చిగురూ కలిసేచోట ఏటవాలుగా ఆనించి, అక్కడక్కడే చిన్నగా కదిలిస్తూ, పైపళ్ళకు కిందికి, కింది పళ్ళకు పైకి దులపండి. అడ్డంగా రంపం కోత వద్దు.

డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "కుడిచేతివాటమా?" అవునన్నాను. కుడిచేత్తో తోముకునేవాళ్ళకు ఎడమవైపు కోరపన్ను దగ్గర బలం ఎక్కువ పడుతుంది, చిగురు ఎక్కువగా అక్కడే జారుతుంది. నాకు సరిగ్గా అక్కడే. అద్దంలో చూస్తే పన్ను మెడ దగ్గర గోరు పట్టేంత గాడి కూడా ఉంది. అన్నేళ్ళుగా శుభ్రం అనుకుంటూ నేనే చెక్కుకున్నాను.

పేస్టు ఎంత? మామూలు పేస్టయితే బఠాణీ గింజంత చాలంటారు. ఈ రకానికి పెద్దవాళ్ళు అంగుళం పొడుగు వేసుకోవాలని అమెరికాలో ట్యూబుల మీద రాస్తారు. జివ్వుమనే పళ్ళ దగ్గరే మొదలుపెట్టండి, అప్పుడు పేస్టు చిక్కగా ఉంటుంది. మొత్తం రెండు నిమిషాలు. ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. రెంటిలో ఒకటి తప్పుతుందంటే రాత్రిది మాత్రం తప్పనివ్వకండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, మందు కొట్టుకుపోకుండా ఎక్కువసేపు నిలుస్తుంది.

తోమాక ఉమ్మేయండి. పుక్కిలించకండి. మరీ చిరాకుగా ఉంటే ఒక్క చిన్న గుక్కతో సరిపెట్టండి. మొదటి నాలుగు రోజులు నోట్లో పిండి పెట్టుకున్నట్టు ఉంటుంది, మా ఆవిడ అయితే ఇదేం శుభ్రం అని మొహం చిట్లించింది. తర్వాత అలవాటైపోతుంది. అరగంట దాకా ఏమీ తినకండి, తాగకండి.

రాత్రి తోమడం అయ్యాక చేతులు కడుక్కుని, బియ్యపుగింజంత పేస్టు చూపుడువేలి మీద తీసుకుని జివ్వుమనే పంటి మెడ మీద ఒక నిమిషం మెల్లగా రుద్దండి. ఆర్జినిన్ రకంతో ఇలా చేస్తే కొందరికి అప్పటికప్పుడే తేడా తెలుస్తుంది. పొటాషియం రకంతో అంత తొందర ఆశించకండి. ఎప్పుడూ మింగొద్దు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు డాక్టరు చెబితే తప్ప ఈ పేస్టులు వద్దు.

5. నెల రోజులు కాగితం మీద రాయండి

'తగ్గినట్టే ఉంది', 'ఏమో తగ్గలేదు' అని అనుకుంటే మనసు మనల్నే మోసం చేస్తుంది. మొదలుపెట్టే రోజున ఒక పరీక్ష పెట్టుకోండి. ఫ్రిజ్‌లో నీళ్ళు ఒక గుక్క, ఆ పళ్ళ మీదుగా తిప్పండి. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కు వేయండి. ప్రతి ఆదివారం అదే గ్లాసు, అదే ఫ్రిజ్, అదే వేళ. ఐస్‌ముక్క పెట్టి హింసించుకోవద్దు.

నాది 8తో మొదలైంది. మొదటి ఆదివారం 8. రెండోది 7, అది కూడా దయతలచి వేసిన మార్కేమో. మూడో ఆదివారం 4. నాలుగోది 3. ఆ మూడోవారం దాకా ఓపిక పట్టడమే అసలు పరీక్ష. పొటాషియం పేస్టుకు రెండు వారాల్లో కదలిక వచ్చి, నాలుగు వారాలకు దాని సత్తా తేలుతుంది. నాలుగు వారాలకీ మార్కు కదలకపోతే ఆ పేస్టునే పట్టుకుని వేలాడకండి. చూపించుకోకుండా సొంతంగా నాలుగు వారాలకు మించి వాడొద్దని ట్యూబుల మీద హెచ్చరిక ఉండేది ఇందుకే. లోపల వేరే జబ్బు ఉంటే పేస్టు దాన్ని కప్పెట్టేస్తుంది.

బాగా తగ్గిందని ఆపేస్తే? పొటాషియం మానేశాక మెల్లగా మళ్ళీ మొదలవుతుంది. పూడిక రకాల్లో కూడా బిరడాలు పులుపుకూ రాపిడికీ కరుగుతుంటాయి. డాక్టరు సరేనంటే దీన్నే రోజువారీ పేస్టుగా పెట్టుకోవచ్చు. ఫ్లోరైడ్ ఉన్న రకమైతే వేరే పేస్టు అక్కర్లేదు.

6. గొట్టాలు తెరుస్తున్నదెవరో పట్టుకోండి

ఒకవైపు బిందె నింపుతూ ఇంకోవైపు చిల్లి వదిలేస్తే ఏం లాభం? పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఎనామిల్ పీహెచ్ 5.5 ప్రాంతంలో కరగడం మొదలుపెడుతుంది. డెంటిన్ అంతకన్నా ముందే మెత్తబడుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండుకీ మూడుకీ మధ్య ఉంటుంది, కోలా డ్రింకులూ దాదాపు అంతే. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి నాలుగు ముక్కలు తిన్నాక 'పళ్ళు పులిసిపోయాయి' అంటాం కదా, అప్పుడు నాలుకతో తడిమితే పన్ను గరుకుగా తగులుతుంది. పులుపు పైపొరను మెత్తబరిచిందని నాలుక చెప్పే మాట అది. ఆ మెత్తబడిన పొర మీద వెంటనే బ్రష్షు పెడితే, తడిసిన సున్నపుగోడను గోకినట్టే.

నా దొంగ నిమ్మకాయ. బరువు తగ్గాలని ఏడాదిగా పరగడుపున గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం, తేనె. అదీ పేపరు చదువుతూ పావుగంట సేపు చప్పరించడం. తాగి నేరుగా బ్రష్షు పట్టుకోవడం. డాక్టరమ్మ రోజంతా ఏం తింటారో వరసగా చెప్పించారు. పప్పు, పులుసు, ఆవకాయ విన్నా ఏమీ అనలేదు. నిమ్మనీళ్ళ దగ్గర మాత్రం పెన్ను ఆపేశారు.

ఆవిడ చెప్పిన ప్రకారం పులుసులో, పచ్చడిలో ఉన్న పులుపుకు అంత టెన్షన్ పడక్కర్లేదు. అన్నంతో కలిసి వెళ్ళిపోతుంది, భోజనం చేసేటప్పుడు లాలాజలం బాగా ఊరి పులుపును విరిచేస్తుంది. విడిగా, కొంచెం కొంచెంగా, చాలాసేపు నోట్లో ఆడించే పులుపు ప్రమాదం. పొద్దంతా గుక్క గుక్కగా తాగే సోడా, కూల్‌డ్రింక్, చప్పరించే చింతకాయ, ఉసిరికాయ. తాగాలంటే ఒక్కసారే తాగేయండి, స్ట్రా ఉంటే ఇంకా మేలు. వెంటనే మంచినీళ్ళు పుక్కిలించండి. బ్రష్షు మాత్రం గంట దాకా ముట్టుకోకండి. నిమ్మనీళ్ళు వదలలేనంటే ముందు తోముకుని, తర్వాత తాగండి.

కడుపులోంచి వచ్చే పులుపు ఇంకా ఘాటైనది. వేవిళ్ళతో వాంతులు అయ్యేవాళ్ళు, పుల్లత్రేన్పులు వచ్చేవాళ్ళు వెంటనే తోముకోవద్దు. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, తోముడు తర్వాత పెట్టుకోండి.

ఇంకో జట్టు గరుకు సరుకు. ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక, గరుకు పళ్ళపొడి. మా తాతగారు కచ్చికతోనే తోముకునేవారు, ఎనభై ఏళ్ళకూ పళ్ళున్నాయి, నిజమే. కానీ ఆ పళ్ళు సగానికి అరిగి ఉండేవి, చల్లని మజ్జిగ ఇస్తే చిన్నగా వేడిచేసి ఇమ్మనేవారు. అందులో సంగతి మాకు అప్పుడు తెలియలేదు. వేపపుల్ల అలవాటు ఉంటే చివర బాగా నమిలి కుంచెలా మెత్తబడ్డాకే పంటికి ఆనించండి, చిగురు మీద గీయకండి. రోజంతా వక్క నమిలేవాళ్ళకూ, నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకూ పైపొర అరిగి గొట్టాలు బయటపడతాయి. పళ్ళు కొరికే అలవాటుకు పేస్టు చాలదు, రాత్రిళ్ళు పెట్టుకునే గార్డు చేయించుకోవాలి.

7. క్లీనింగ్ తర్వాత జివ్వుమంటే

'క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి, జివ్వుమంటాయి' అని మన దగ్గర గట్టి నమ్మకం. జివ్వుమనడం వరకూ నిజం. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పన్ను మెడ మీద దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. దాని కింద చిగురు అప్పటికే జారిపోయి ఉంటుంది. గార తీసేస్తే ఆ వేరు మొదటిసారి గాలి చూస్తుంది. తప్పు గారది, తీసిన చేతిది కాదు. కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. గార ఎక్కువగా ఉందని ముందే తెలిస్తే క్లీనింగ్‌కి రెండు వారాల ముందు నుంచే ఈ పేస్టు మొదలుపెట్టండి. పళ్ళు తెల్లబరిచే చికిత్సకు వెళ్ళేవాళ్ళకూ ఇదే కిటుకు.

8. పేస్టు చాలకపోతే

నాలుగు వారాలు సరిగ్గా వాడి, డాక్టరుకు చూపించుకుని రకం మార్చి ఇంకో నాలుగు వారాలు చూసి, అయినా మార్కు 5 కంటే కిందికి దిగకపోతే డాక్టరు దగ్గర ఇంకా దారులున్నాయి. ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం, గాడిపడ్డ మెడలో పంటిరంగు సిమెంటు నింపడం, చిగురు బాగా జారితే అతుకు వేయడం. రూట్ కెనాల్ అన్నది అన్నిటికంటే చివర. మొదటి రోజే ఆ మాట అంటే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

వెళ్ళేటప్పుడు మార్కులు రాసిన కాగితం, వాడుతున్న ట్యూబు, ఆ పాత బ్రష్షు మూడూ సంచిలో వేసుకెళ్ళండి. నేను కాగితం ఇస్తే డాక్టరమ్మ ఒకసారి చూసి పక్కన పెట్టారు. బ్రష్షు మాత్రం తిప్పి తిప్పి చూశారు. "ఇది ఎన్నాళ్ళైంది?" అన్నారు. నెలన్నర అన్నాను. "మూడు నెలలు రావాలి" అని దాన్ని చెత్తబుట్టలో వేసి, సొరుగులోంచి కొత్తది తీసి చేతిలో పెట్టారు.